ఎంపీసీ బుర్రకు ఇంగ్లిష్ సెక్షన్ ఎందుకు కొరుకుడు పడదు?

విశాఖలో ఇంటర్ ఎంపీసీ చదివే పిల్లలకు రెండేళ్లు ఎలా గడుస్తాయో అందరికీ తెలిసిందే. పొద్దున్నే కాలేజీ బస్సు, సాయంత్రం స్టడీ అవర్, వారం తిరిగేసరికి ఓ టెస్టు. చదువంతా ఈఏపీసెట్, జేఈఈ చుట్టూనే తిరుగుతుంది. ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు: మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఇంగ్లిష్ ఒక్క ప్రశ్న కూడా ఉండదు. జేఈఈ మెయిన్ ఇంజినీరింగ్ పేపర్‌లోనూ ఉండదు. దాంతో ఇంగ్లిష్ అనేది పబ్లిక్ పరీక్షల ముందు గైడు తిరగేస్తే గట్టెక్కే సబ్జెక్టుగా మిగిలిపోతుంది.

సెకండియర్ సగానికి వచ్చాక ఇంట్లో వేరే మాటలు మొదలవుతాయి. సబ్బవరంలో దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ ఉంది కదా, క్లాట్ రాయకూడదా అని బాబాయి అంటాడు. ఇంటర్ అవగానే ఐఐఎంలో చేరొచ్చట, ఐపీమ్యాట్ అనేదేదో ఉందట అని పక్కింటావిడ చెబుతుంది. బిట్స్ పిలానీ ప్రవేశ పరీక్ష బిట్‌శాట్ ఎలాగూ పిల్లాడు రాస్తాడు. అమెరికాలో డిగ్రీ చదివించే స్తోమత ఉన్నవాళ్లు శాట్ సంగతి కనుక్కుంటారు. సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ ఉండనే ఉంది. అప్పుడు సిలబస్ తిరగేస్తే ప్రతి దాంట్లోనూ వెర్బల్ ఎబిలిటీ (భాషా సామర్థ్యం) అనో, రీడింగ్ కాంప్రహెన్షన్ (చదివింది అర్థం చేసుకోవడం) అనో ఒక సెక్షన్ కనిపిస్తుంది. ఇంటిగ్రేషన్ లెక్క చూడగానే పట్టేసే పిల్లాడు దాని ముందు తెల్లమొహం వేస్తాడు. వాడికి ఇంగ్లిష్ రాదని తల్లిదండ్రులు అనుకుంటారు, వాడూ అదే నమ్ముతాడు. చాలామంది విషయంలో అది నిజం కాదు. ఆ సెక్షన్ ఏం అడుగుతోందో వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పలేదు, అంతే.

ఒకే పేరు, వేర్వేరు పరీక్షలు

ముందుగా తెలుసుకోవాల్సింది, ఈ సెక్షన్లన్నీ ఒకటి కావు. క్లాట్‌లో 120 నిమిషాలకు 120 ప్రశ్నలు. అందులో ఇంగ్లిష్‌వి 22 నుంచి 26. సుమారు 450 పదాల పాసేజీ ఇచ్చి దాని కింద ప్రశ్నలు అడుగుతారు. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. లీగల్ రీజనింగ్, లాజికల్ రీజనింగ్, కరెంట్ అఫైర్స్ కూడా పాసేజీల రూపంలోనే వస్తాయి. పేపరుకు లా పరీక్ష అని పేరే గానీ, నిజానికి అది రెండు గంటల చదువు పరీక్ష.

ఇండోర్ ఐఐఎం పెట్టే ఐపీమ్యాట్‌లో ఇటీవలి తీరు ప్రకారం వెర్బల్‌కు 40 నిమిషాలు, 45 ప్రశ్నలు. ప్రశ్నకు నిమిషం కూడా దొరకదు. పాసేజీలతో పాటు వాక్యాలను వరసలో పేర్చడం, ఖాళీలు, గ్రామర్ అన్నీ కలిసి ఉంటాయి. బిట్‌శాట్‌లో మొత్తం 130 ప్రశ్నలకు ఇంగ్లిష్‌వి పదే. పదే కదా అని వదిలేసేవాళ్లే ఎక్కువ. కెమిస్ట్రీలో పది ప్రశ్నలకు ఎన్ని రాత్రులు పెడుతున్నారో ఒక్కసారి లెక్క వేసుకుంటే ఆ నిర్ణయం ఎంత తెలివైనదో తెలుస్తుంది.

శాట్ ఇప్పుడు పూర్తిగా కంప్యూటర్ మీదే. రీడింగ్ అండ్ రైటింగ్‌లో 64 నిమిషాలకు 54 ప్రశ్నలు, 27 చొప్పున రెండు మాడ్యూళ్లు. మొదటి మాడ్యూల్ ఎలా చేశారన్న దాన్ని బట్టి రెండోది కష్టంగానో తేలిగ్గానో వస్తుంది. పాసేజీలు చిన్నవి, 25 నుంచి 150 పదాల లోపు. ఒక్కో దానికి ఒక్కటే ప్రశ్న. 2022లో మొదలైన సీయూఈటీలో లాంగ్వేజ్ పేపరుకు 60 నిమిషాలు, 50 ప్రశ్నలు. ప్యాటర్న్ ఏటా కాస్త అటూ ఇటూ మారుతుంటుంది కాబట్టి నోటిఫికేషన్ వచ్చాక ఓసారి సరిచూసుకోవడం మంచిది. కానీ ఏ పరీక్షకు చదివినా లోపల ఉన్న సరుకు మూడు రకాలే. చదివింది అర్థం చేసుకోవడం, వాక్యాల మధ్య లంకె పట్టుకోవడం, తప్పు వాక్యాన్ని గుర్తించడం. వీటిలో మొదటిదే సింహభాగం.

వర్డ్ లిస్టుల మోజు

విశాఖ ద్వారకానగర్ కోచింగ్ సందుల్లో తిరిగితే ఏ జిరాక్స్ షాపులో అయినా వెయ్యి పదాల లిస్టు స్పైరల్ బైండింగ్‌తో దొరుకుతుంది. పిల్లలు దాన్ని పీరియాడిక్ టేబుల్ లాగా బట్టీ పడతారు. ఇది ఎందుకు నచ్చుతుందో ఊహించడం కష్టం కాదు. ఇవాళ నలభై పదాలు అయ్యాయి అని టిక్ పెట్టుకోవచ్చు, చదివిన తృప్తి ఉంటుంది.

చిక్కేమిటంటే, లిస్టులో ఉన్నంత అరుదైన మాటలు నేరుగా అడిగే ప్రశ్నలు ఇప్పుడు బాగా తగ్గాయి. శాట్ అయితే వాక్యంలో ఒక మాట ఏ అర్థంలో వాడారో చూస్తుంది. అక్కడ దెబ్బ కొట్టేవి తెలిసిన మాటలే. క్వాలిఫైడ్ అంటే మనకు పరీక్షలో క్వాలిఫై అవడమే గుర్తొస్తుంది. ఒక మంత్రి ఒక పథకానికి ‘క్వాలిఫైడ్ సపోర్ట్’ ఇచ్చాడని పాసేజీలో ఉంటే, షరతులతో కూడిన మద్దతు అని దానర్థం. అర్హతతో దానికి సంబంధం లేదు. లిస్టులో ఇలాంటి మాట ఉండనే ఉండదు, తెలిసిందే కదా అని తీసేస్తారు. చదివిన వ్యాసంలో తగిలిన మాటను ఆ వాక్యంతో సహా నోట్‌బుక్‌లో రాసుకుంటే రోజుకు ఐదు చాలు. ఐపీమ్యాట్ రాసేవాళ్లకు ఇడియమ్స్, ఫ్రేజల్ వెర్బ్స్ కొంచెం అదనంగా కావాలి. వాటికీ ఇదే పద్ధతి.

తప్పు ఆప్షన్ ఎలా తయారవుతుంది

అసలు విషయం ఇది. పాసేజీ ప్రశ్నలో పేపర్ సెట్టర్ కష్టమంతా తప్పు ఆప్షన్ల మీదే ఉంటుంది. సరైన జవాబు సాదాసీదాగా, ఒక్కోసారి చప్పగా ఉంటుంది. తప్పువి మాత్రం చూడగానే ఆకట్టుకునేలా తయారు చేస్తారు. వాటిని తయారు చేసే పద్ధతులు నాలుగైదుకు మించవు. అవి తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఇదేమీ ఇంగ్లిష్‌కే సొంతమైన విద్య కాదు గనుక తెలుగులోనే చేసి చూద్దాం. కింది పేరా చదవండి.

“భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలను చూసి మామూలు ఇసుక గుట్టలనుకునేవాళ్లు ఉన్నారు. గాలి, వాన, సముద్రమట్టంలో మార్పులు కలిసి వేల ఏళ్లలో వాటిని మలిచాయి. 2014లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాటిని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. అయితే గుర్తింపు ఒక్కటే వాటిని నిలబెట్టదు. చుట్టుపక్కల నేలను చదును చేస్తే వాన నీళ్లు పారే దారి మారుతుంది. దారి మారితే దిబ్బలు కోసుకుపోయే తీరూ మారుతుంది. కంచె లోపలి నేలను మాత్రమే పట్టించుకునే రక్షణ సగం రక్షణే.”

ప్రశ్న: రచయిత ప్రధానంగా చెబుతున్నదేమిటి?

అ) ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్ల సహజ నిర్మాణాలు, వాటికి 2014లో గుర్తింపు దక్కింది.
ఆ) అధికారిక గుర్తింపుల వల్ల వారసత్వ స్థలాలకు ఏ మేలూ జరగదు.
ఇ) దిబ్బలు నిలవాలంటే గుర్తింపుతో పాటు చుట్టుపక్కల నేల సంగతీ చూడాలి.
ఈ) పర్యాటకుల రద్దీ, సినిమా షూటింగులే దిబ్బలకు అసలు ముప్పు.

జవాబు ‘ఇ’ అని చాలామంది చెప్పేస్తారు, తెలుగు కాబట్టి. కానీ మిగతా మూడూ ఎందుకు తప్పో చెప్పమంటే తడబడతారు. మార్కులు ఉండేది అక్కడే.

‘అ’లో ఒక్క అబద్ధమూ లేదు. ప్రతి ముక్కా పేరాలో ఉన్నదే. అయినా తప్పు, ఎందుకంటే అది పేరాలో మొదటి సగమే. ‘అయితే’ అనే మాట దగ్గర రచయిత బండి మలుపు తిప్పాడు, ఆప్షన్ ఆ మలుపు దాకా కూడా రాలేదు. టెన్షన్‌లో ఉన్న విద్యార్థి పేరాలో చూసిన మాటలే ఆప్షన్‌లో కనిపించగానే దీనికి టిక్ పెట్టేస్తాడు. ‘ఆ’ది అతి. రచయిత ఒక్కటే చాలదన్నాడు, ఆప్షన్ ఏ మేలూ జరగదంది. పైగా ఎర్రమట్టి దిబ్బల గురించి అన్న మాటను వారసత్వ స్థలాలన్నిటికీ అంటగట్టింది. ఎప్పుడూ, ఎవరూ, మాత్రమే, పూర్తిగా లాంటి మాటలు ఆప్షన్‌లో కనిపిస్తే ఒక క్షణం ఆగాలి. అలాంటివన్నీ తప్పే అని సూత్రం పెట్టుకోకూడదు గానీ, పేరాలో అంత గట్టిగా అన్నారా అని వెనక్కి వెళ్లి చూడాలి.

విశాఖ పిల్లలకు ‘ఈ’ ప్రత్యేకమైన ఉచ్చు. వాళ్లు దిబ్బలకు వెళ్లి ఉంటారు, అక్కడి జనాన్ని చూసి ఉంటారు, షూటింగుల సంగతి విని ఉంటారు. ఆప్షన్ తమ అనుభవానికి దగ్గరగా ఉంది కాబట్టి నిజమనిపిస్తుంది. బయట అది నిజమే కావచ్చు. పేరాలో మాత్రం పర్యాటకుల ఊసే లేదు. మనకు బాగా తెలిసిన విషయం మీద పాసేజీ వస్తే సంబరపడతాం, నిజానికి తప్పులు ఎక్కువ జరిగేవి అలాంటి వాటిలోనే. తెలియని టాపిక్ అయితే చచ్చినట్టు పాసేజీ మీదే ఆధారపడతాం.

ఇంకో రకం ఈ ఉదాహరణలో లేదు, కారణాన్ని ఫలితాన్ని తారుమారు చేయడం. ‘దిబ్బలు కోసుకుపోవడం వల్ల వాన నీటి దారి మారుతోంది’ అని ఆప్షన్ ఇస్తే మాటలన్నీ పేరాలోవే, క్రమం మాత్రం తిరగబడింది. ఇది లాజికల్ రీజనింగ్‌లోనూ తరచూ కనిపిస్తుంది.

కాబట్టి ఒక పాసేజీ చేశాక ఎన్ని రైట్ అని చూసుకుని పక్కన పడేయడం దండగ. రైట్ వచ్చిన ప్రశ్నలో కూడా మిగతా మూడు ఆప్షన్ల పక్కన కారణం రాయాలి: సగమే, అతి, బయటిది, తారుమారు. ఇలా రోజుకు రెండు పాసేజీలు చేసినవాడు, గుడ్డిగా పది చేసినవాడి కన్నా ముందుంటాడు. వాడి నోట్‌బుక్ చూస్తే వాడి బలహీనత కూడా కనిపిస్తుంది. కొందరు ఎప్పుడూ ‘అతి’లోనే పడతారు. జనరల్ నాలెడ్జ్ బాగా ఉన్నవాళ్లు ‘బయటిది’లో పడతారు.

తెలుగులో ఆలోచిస్తే తప్పా?

ఇంగ్లిష్‌లోనే ఆలోచించాలి అని క్లాసుల్లో తెగ చెబుతారు. నాకు ఈ సలహా మీద పెద్దగా గురి లేదు. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలను ఇది అనవసరంగా భయపెడుతుంది. పాసేజీలో ఒక పేరా చదివాక దాని సారం తెలుగులో ఒక్క ముక్కలో చెప్పగలిగితే అది అర్థమైనట్టే. అమ్మకు చెబుతున్నట్టు చెప్పుకున్నా నష్టం లేదు. తప్పేదంటే, వాక్యం వాక్యం మనసులో తెలుగులోకి తర్జుమా చేసుకుంటూ పోవడం. టైమ్ అక్కడే కారిపోతుంది.

టైమ్ సంగతి లెక్కలోనే చూద్దాం. నిమిషానికి 200 పదాలు చదివితే క్లాట్ పాసేజీ 450 పదాలకు రెండుంబావు నిమిషాలు. ఐదు ప్రశ్నలకు అర నిమిషం చొప్పున మరో రెండున్నర. మొత్తం ఐదు నిమిషాల లోపే. అలాంటివి ఐదు చేస్తే ఇంగ్లిష్ సెక్షన్ 25 నిమిషాల్లో అయిపోతుంది, అదేమంత అసాధ్యమైన వేగం కాదు. నిమిషానికి 120 పదాల దగ్గర ఆగిపోతే మాత్రం చదవడానికే దాదాపు నాలుగు నిమిషాలు పోతాయి. స్పీడ్ రీడింగ్ కోర్సుల జోలికి వెళ్లనక్కర్లేదు. వేగం అలవాటు వల్ల వస్తుంది, అది రావడానికి నెలలు పడుతుంది. పరీక్ష ఏప్రిల్‌లో ఉంటే ఫిబ్రవరిలో మొదలుపెడితే చాలని అనుకోవడం దగ్గరే చాలామంది దెబ్బ తింటారు. మ్యాథ్స్‌లో ఒక చాప్టర్‌ను వారంలో లాగించేయొచ్చు, చదువరితనాన్ని లాగించలేం.

ఏం చదవాలి అంటే, పాసేజీలు ఎక్కువగా వాదన ఉన్న వ్యాసాల్లోంచి వస్తాయి. వార్తలు చదివితే సమాచారం తెలుస్తుంది గానీ వాదన నడక పట్టుబడదు. ది హిందూ ఎడిటోరియల్ పేజీలో రోజూ ఒక్క వ్యాసం చాలు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుంటే పేపరు ఖర్చు కూడా ఉండదు. రాజకీయాలు ఒక్కటే కాకుండా సైన్స్, చరిత్ర, కళల మీద కూడా చదవాలి, ఎంపీసీ పిల్లలకు చిత్రకళ మీద పాసేజీ వస్తే కాళ్లు చేతులు ఆడవు. చదివేటప్పుడు పెన్సిల్ పట్టుకుని బట్, హౌఎవర్, యెట్, ఆల్దో లాంటి మాటల చుట్టూ గీత గీయండి. రచయిత మనసులో మాట చాలావరకు ఆ గీత తర్వాతే ఉంటుంది. ఎదుటివాళ్ల వాదన చెప్పి తర్వాత తన వాదన చెప్పే వ్యాసాల్లో ఈ గీతే దిక్కు. ‘సమ్ క్రిటిక్స్ ఆర్గ్యూ’ అని మొదలైన వాక్యాన్ని రచయిత అభిప్రాయంగా తీసుకుని మార్కులు పోగొట్టుకునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

వాక్యాల పేర్పు, గ్రామర్

ఐపీమ్యాట్ లాంటి వాటిలో చెదిరిన వాక్యాలను వరసలో పెట్టమంటారు. ఇది చూడండి:

క) ఈ అడ్డు వల్లే లోపలి నీళ్లు నిలకడగా ఉంటాయి.
ఖ) విశాఖ ఓడరేవు ముఖద్వారానికి దక్షిణంగా డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి చొచ్చుకొచ్చి ఉంటుంది.
గ) అయితే కొండ ఒక్కటే చాలదు, ఇసుక మేట వేయకుండా ఎప్పటికప్పుడు తవ్వుతూనే ఉండాలి.
ఘ) దక్షిణం వైపు నుంచి వచ్చే గాలిని, అలలను అది చాలావరకు ఆపుతుంది.

‘ఈ’, ‘అది’, ‘అయితే’ అంటూ ముందు మాటను చూపించే వాక్యంతో పేరా మొదలుకాదు. కాబట్టి ఖ ముందు. ‘అది’ అంటే కొండ, ఘ తర్వాత. ఆపడం అయ్యాకే ‘ఈ అడ్డు’ అనగలం, క. చివరికి గ. మొదటి వాక్యం కోసం తంటాలు పడేకంటే, విడదీయలేని జంట ఒకటి దొరికితే చాలు, ఆప్షన్లు సగం ఎగిరిపోతాయి.

గ్రామర్‌కు లావుపాటి పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవాల్సిన పని లేదు. తెలుగువాళ్లం జారిపడే చోట్లు కొన్నే. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి ఎ, ద వదిలేస్తాం, లేదా అక్కర్లేని చోట తగిలిస్తాం. ‘చూశాను’ అన్న ఒక్క క్రియతో మనకు పని జరిగిపోతుంది గనుక ‘ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే’ అన్నది తప్పుగా అనిపించదు. నిన్న అని చెప్పాక ‘ఐ సా’ అనాలి. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ (ఫ్రెండ్స్ అనాలి), ‘డిస్కస్ ఎబౌట్’ (ఎబౌట్ అక్కర్లేదు) రోజూ చెవిన పడే తప్పులు. ‘ద బాక్స్ ఆఫ్ మ్యాంగోస్’ తర్వాత ఈజ్ రావాలి, చెవి మాత్రం ఆర్ అంటుంది. బాక్స్‌కూ క్రియకూ మధ్య ఒక వాక్యమంత దూరం పెట్టి అడగడం శాట్‌కు ఇష్టం.

ఇంకోటి సరదాగా ఉంటుంది. ‘వాకింగ్ అలాంగ్ బీచ్ రోడ్, ద సబ్‌మెరైన్ లుక్డ్ హ్యూజ్.’ చదవగానే ఏ తప్పూ కనిపించదు. ఇంగ్లిష్ గ్రామర్ లెక్కలో అక్కడ బీచ్ రోడ్డు మీద నడుస్తున్నది, విశాఖ తీరంలో మ్యూజియంగా నిలబెట్టిన కురుసుర సబ్‌మెరైనే. కామా తర్వాత వచ్చే మొదటి పేరు ఆ పని చేసేవాళ్లది అయి ఉండాలి. ఇలాంటి బొమ్మ ఒకటి మనసులో ఉంటే ఆ రూల్ మళ్లీ చదవక్కర్లేదు. శాట్ రాసేవాళ్లు కామా, సెమీకోలన్, కోలన్ వాడకం మీద ఓ వారం గట్టిగా కూర్చోవాలి. రెండు పూర్తి వాక్యాలను వట్టి కామాతో అతికించకూడదన్న ఒక్క రూల్‌తోనే మంచి మార్కులు వస్తాయి.

తెలియనిది వదిలేయాలా?

నెగటివ్ మార్కుల భయం మన దగ్గర మరీ ఎక్కువ, ఈఏపీసెట్‌లో అవి లేకపోవడం కూడా ఒక కారణం. ఇంటర్‌లో చదివిన ప్రాబబిలిటీ ఇక్కడ పనికొస్తుంది. బిట్‌శాట్‌లో సరైన జవాబుకు 3, తప్పుకు మైనస్ 1. నాలుగు ప్రశ్నలు పూర్తి గుడ్డిగా పెడితే సగటున ఒకటి తగిలి 3 వస్తాయి, మూడు తప్పి 3 పోతాయి. లాభం లేదు, నష్టమూ లేదు. ఐపీమ్యాట్‌లో నాలుగు ఆప్షన్ల ప్రశ్నకు 4, మైనస్ 1. సీయూఈటీలో 5, మైనస్ 1. వీటిలో గుడ్డి గెస్ కూడా సగటున కాస్త లాభమే. క్లాట్‌లో 1, మైనస్ 0.25, అక్కడా స్వల్పంగా లాభం వైపే. శాట్‌లో నెగటివ్ లేనే లేదు, ఖాళీ వదిలితే చేజేతులా పోగొట్టుకోవడమే.

సగటు అన్నది చాలా ప్రశ్నల మీద నిజమవుతుంది, రెండు మూడు ప్రశ్నల మీద అదృష్టం ఎటైనా తిప్పొచ్చు. కాబట్టి గుడ్డి గెస్ కంటే, పైన చెప్పిన ‘సగమే, అతి, బయటిది, తారుమారు’ జల్లెడతో రెండు ఆప్షన్లు తీసేసి మిగిలిన రెండింట్లో ఒకటి పెట్టడం దారి. అలా చేస్తే బిట్‌శాట్‌లో సైతం ప్రతి రెండు ప్రశ్నలకు సగటున 2 మార్కులు మిగులుతాయి. రెండు ఆప్షన్ల మధ్య ఊగిసలాడుతూ రెండు నిమిషాలు కూర్చోవడం మాత్రం ఏ పరీక్షలోనూ గిట్టుబాటు కాదు.

క్లాట్ రాసేవాళ్లకు ఇంకో మాట. మిగతావి కంప్యూటర్ మీద, ఇది కాగితం మీద. ఓఎంఆర్ షీట్‌లో 120 గడులు దిద్దాలి. చివర్లో అన్నీ ఒకేసారి దిద్దుదామనుకుంటే పది నిమిషాలు దానికే పోతాయి, ఒక గడి తప్పితే ఆ కిందవన్నీ తప్పుతాయి. పాసేజీ అయిన వెంటనే దాని ప్రశ్నల వరకు దిద్దేసి ముందుకు వెళ్లాలి. ఇంట్లో మాక్ (నమూనా పరీక్ష) రాసేటప్పుడు కూడా షీట్ ప్రింట్ తీసుకుని పెన్నుతోనే దిద్దండి. ఫోన్‌లో మాక్‌లు రాసి వెళ్లినవాళ్లకు హాల్లో ఇది కొత్తగా ఉంటుంది.